యంత్రములకు ఇంటిపేర్లు

మన పెద్దలు క్రొత్తవారు తటస్థించినప్పుడు మొట్టమొదట నడుగునది "మీ యింటిపేరేమి?" యనియే. ఇంటిపేరు తెలిసినంతనే వచ్చినవారు మనవారో, పైవారో, ఏ ప్రాంతమువారో కొంతవఱకు బోధపడును. సొంతపేరు ఆ తరువాతి మాట. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందును సొంతపేరు వెనుకను నుండుట యీ వాడుకకు తగియే యున్నది. నేడు మన యిండ్లలోని సెల్‌ఫోనులు, కంప్యూటర్లు, టెలివిజనులు, వీధి గుమ్మముకడ నమర్చుకొను కెమెరాలు తమలో తాము సమాచారము లంపుకొనుటకు సరిగా నిట్టి యేర్పాటే కలదు. ప్రతి యంత్రమునకును ఒక యింటిపేరు, ఒక సొంతపేరు నుండును. అవి యక్షరములతో గాక యంకెలతో వ్రాయబడును. ఈ యంకెల పేరునే ఐ.పి. విలాసమందురు.

ఇది యింజనీర్లు తెలిసికొనవలసిన సంగతి గదా, మనకేల యని కొందఱు సోదరీమణు లనుకొనవచ్చును. కరెంటు మీటరు చదువ నేర్చిన యిల్లాలు లెక్క తప్పిన బిల్లు వచ్చినపుడు నిలదీసి యడుగగలదు. నేర్వని యామె చెల్లించి యూరకుండును. పిల్లల చదువు, బ్యాంకు వ్యవహారము, పరదేశమందున్న బిడ్డలతోడి సంభాషణము, ఇన్నియు నేడు ఇంటి మూలనున్న యొక చిన్న పెట్టె ద్వారా నడచుచున్నవి. ఆ పెట్టె చేయు పని యేమో తెలిసిన గృహిణికి దాని మేలును కీడును గూడ చేతిలో నుండును. అదియుగాక, ఈ యంకెల చరిత్ర ముఖ్యముగా నొక పొదుపు కథ. ఉన్న సొత్తును కొలత లేక పంచిపెట్టినచో నేమగునో, గీటు సరిగా గీచి పంచినచో నేమగునో తెలుపు కథ. పొదుపు మాట గృహిణులకన్న బాగుగ నెఱిగినవా రెవరు?

ముందు విలాసపు రూపమును చూతము. 192.168.10.70 అనునది యొక ఐ.పి. విలాసము. చుక్కలతో వేఱుచేయబడిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వఱకే యుండవచ్చును; 256 ఉండదు. ఏలయనగా కంప్యూటరునకు తెలిసిన యంకెలు రెండే: సున్న, ఒకటి. దీపము ఆరియున్నది, వెలిగియున్నది యనుట వంటివి. ఇట్టి యొక్కొక్క దీపమును బిట్టందురు. ఎనిమిది దీపములను వరుసగా నుంచి, ఎడమనుండి వానికి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు కట్టవలెను. వెలిగిన దీపముల విలువలను కూడినచో సంఖ్య వచ్చును. మొదటి రెండును వెలిగి తక్కినవి యారియున్నచో 192. అన్నియు వెలిగినచో 255. అన్నియు ఆరినచో 0. ముగ్గు చుక్కలను తప్పక లెక్కపెట్టు చేతులకు ఈ లెక్క కష్టము కాదు. అట్టి యెనిమిదేసి దీపముల వరుసలు నాలుగు, అనగా 32 దీపములు కలిసి యొక విలాసము.

ఈ యేర్పాటును స్థిరపఱచిన నిబంధనపత్రము 1981 సెప్టెంబరులో అమెరికాలో వెలువడినది. దానిని కూర్చినవాడు జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు. 1983 జనవరి 1వ తేదీన అర్పానెట్ అను అమెరికా ప్రభుత్వపు కంప్యూటర్ల వల యీ పద్ధతికి మాఱెను. 32 దీపములు ఎన్ని విధముల వెలుగగలవో లెక్కించినచో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 విలాసము లేర్పడును. 1981లో ఆ వలలో చేరియున్న కంప్యూటర్లు కొన్ని వందలు మాత్రమే. ఈ పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యుడైన వింటన్ సెర్ఫ్, ఆ దినములలో తాము తలపెట్టినది ప్రయోగమే యనియు, ప్రయోగమున కీ సంఖ్య చాలునని తలచితిమనియు తరువాత పలుమాఱులు చెప్పియున్నాడు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఈ 32 దీపములలో ఇంటిపేరెంత, సొంతపేరెంత? అసలు రెండుగా విభజించుట యెందులకు? మన తపాలా శాఖవారు 1972 ఆగస్టు 15వ తేదీన పిన్ కోడును ప్రవేశపెట్టిరి. కోడు 5తో మొదలైనచో ఆ జాబు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతములదని దూరదేశపు తపాలా గుమాస్తాకు తెలియును. ఆ వైపు పోవు సంచిలో వేయును. ఏ వీధియో, ఏ యిల్లో ఆయనకు తెలియనక్కఱలేదు. ఆ చింత ఊరిలోని పోస్ట్‌మానుది. అంతర్జాలమందును నంతియే. దారి చూపు యంత్రములను రౌటర్లందురు. నడుమ దారిలోని రౌటరు ఇంటిపేరును మాత్రమే చూచి సమాచారమును ముందునకు పంపును. సొంతపేరుతో పని ఆ యింటి గుమ్మము చేరిన పిమ్మటనే. లోకమందలి ప్రతి యంత్రపు జాడను ప్రతి రౌటరు జ్ఞాపకముంచుకొన నక్కఱలేకపోవుట ఈ విభజనమువలని లాభము.

మొదట సంస్థలకు పంచుటకు మూడు కొలతలు మాత్రమే యేర్పఱచిరి. 'ఎ' తరగతిలో మొదటి సంఖ్య యొక్కటియే యింటిపేరు; తక్కిన మూడును సొంతపేరు. అట్టి యింటిపేరు పొందిన సంస్థకు 1 కోటి 67 లక్షల 77 వేల 216 విలాసములు దక్కును. 'బి' తరగతిలో రెండు సంఖ్యలు ఇంటిపేరు. దానికి 65,536 విలాసములు. 'సి' తరగతిలో మూడు సంఖ్యలు ఇంటిపేరు, దానికి 256. ప్రతి కుటుంబమందును మొదటి విలాసమును, కడపటి విలాసమును యంత్రములకు పెట్టరు. మొదటిది కుటుంబమంతటికిని గుఱుతు. కడపటిది కుటుంబములోని యందఱను ఒక్కమాఱు పిలుచు కేక. కావున 'సి' తరగతిలో 254 యంత్రములకే చోటు.

ఇందలి లోపము గృహిణులకు వెంటనే కనబడును. 300 యంత్రములున్న కళాశాల యేమి చేయవలెను? 'సి' చాలదు. 'బి' తీసికొన్నచో 65,534 చోట్లలో 65,234 చోట్లు పాడుపడియుండును. సోలెడు బియ్యము చాలినచోట గాదె నింపినట్లాయెను. మొత్తము విలాసములలో సరిగా సగము 'ఎ' తరగతికే కేటాయింపబడెను. ఆ తరగతిలో పంచదగిన యింటిపేర్లు 126 మాత్రమే. ముందువచ్చి యడిగినవారికి గాదెలు, వెనుక వచ్చినవారికి దోసిళ్లు. మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాల సేవ ప్రారంభమైనది 1995 ఆగస్టు 15వ తేదీన. మనము వెనుక వచ్చినవారిలోని వారము.

గాదె దొరకినవారికిని చిక్కులు లేకపోలేదు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు 36 అను 'ఎ' తరగతి యింటిపేరు లభించెను. ఇంటిపేరొక్కటియే గాని, అట్టి విద్యాలయములలో శాఖ శాఖకును వేఱు వల. అన్నిటిని ఒక్క కుటుంబముగ నడపుట కష్టము. ఒక్కొక్కదానికి క్రొత్త యింటిపేరు నడుగుట దుబారా. అచ్చటి కంప్యూటరు శాస్త్రశాఖకు చెందిన జెఫ్రీ మోగల్ 1984 అక్టోబరులో ఈ చిక్కునకు ఉపాయములను చర్చించుచు నొక పత్రము వెలువరించెను. 1985 ఆగస్టులో మోగల్, పోస్టెల్ ఇరువురును కలిసి దానిని నిబంధనముగ స్థిరపఱచిరి. ఉపాయ మిది: బయటివారికి ఇంటిపేరు మునుపటివలెనే యుండును. లోపల మాత్రము సొంతపేరునకు చెందిన దీపములలో కొన్నింటిని తీసి శాఖపేరుగా వాడుకొనవచ్చును. ఒకే యింటిపేరుగల వంశములో తూర్పింటివారు, పడమటింటివారు అని శాఖలను గుఱుతించుట మన పల్లెలలో నున్నదే. అట్టి శాఖకే సబ్‌నెట్టని పేరు.

గీటు ఎచ్చట గీచితిమో యంత్రమునకు తెలియు టెట్లు? విలాసములో అది వ్రాసియుండదు. అందువలన విలాసముతోపాటు మఱియొక 32 దీపముల వరుస నిత్తురు. ఇంటిపేరునకు, శాఖపేరునకు చెందిన చోట్ల దీపములు వెలిగియుండును; సొంతపేరు చోట ఆరియుండును. దీనిని సబ్‌నెట్ మాస్కందురు. 255.255.255.0 అనినచో మొదటి 24 దీపములును వెలిగినవని యర్థము. దానినే పొట్టిగా విలాసము ప్రక్కన /24 అని వ్రాయుదురు.

ఒక బాలికా పాఠశాలను ఊహింతము. దానికి 192.168.10.0/24 అను కుటుంబ మున్నది, అనగా 192.168.10 వఱకు ఇంటిపేరు. పాఠశాలలో కార్యాలయము, ప్రయోగశాల, గ్రంథాలయము, వసతిగృహము అను నాలుగు భాగములున్నవి. నాలుగు శాఖలకు రెండు దీపములు చాలును. రెండు దీపములు నాలుగు విధములనే వెలుగగలవు గదా. కడపటి సంఖ్యలోని మొదటి రెండు దీపములను శాఖపేరుగా తీసికొందము. అప్పుడు కార్యాలయమునకు 0 నుండి 63 వఱకు, ప్రయోగశాలకు 64 నుండి 127 వఱకు, గ్రంథాలయమునకు 128 నుండి 191 వఱకు, వసతిగృహమునకు 192 నుండి 255 వఱకు వచ్చును. మాస్కు 255.255.255.192 అగును, పొట్టిగా /26. ఒక్కొక్క శాఖలో విలాసములు 64. మొదటిదియు కడపటిదియు తీసివేయగా యంత్రములకు 62.

ఇప్పుడు ప్రయోగశాలలోని 192.168.10.70 అను కంప్యూటరు 192.168.10.100 అను దానికి సమాచార మంపవలసియున్నది. మాస్కులో దీపములు వెలిగిన చోట్లను మాత్రము చూచి రెండు విలాసములను పోల్చును. 70లో శాఖదీపములు రెండును వరుసగా ఆరినది, వెలిగినది, 100లోను నట్లే. "మా వారే" యని తెలిసికొని నేరుగా నంపును. అదే కంప్యూటరు 192.168.10.130కి పంపవలసివచ్చినచో, 130లో మొదటిది వెలిగినది, రెండవది ఆరినది. "పైవారు" అని గ్రహించి, సమాచారమును తన శాఖ ద్వారముకడనున్న రౌటరునకు అప్పగించును. ఆ ద్వారమును గేట్‌వే యందురు. మనవారా, పైవారా యను నొక్క ప్రశ్న వేసికొనుట, పైవారైనచో గుమ్మముకడ నప్పగించుట, ఇంతియే ప్రతి యంత్రమును చేయు పని. లోకమంతయు వ్యాపించిన వల యీ చిన్న ప్రశ్నమీద నిలిచియున్నది.

విభజనమువలని లాభములు రెండు. ఒక యంత్రము జాడ కనుగొనుటకై తోడి యంత్రము కుటుంబమంతయు వినునట్లు కేక వేయును. కుటుంబము చిన్నదైనకొలది కేకల గోల తగ్గును. రెండవది, శాఖనుండి శాఖకు పోవలసినదంతయు ద్వారము దాటియే పోవలెను గనుక, అచ్చట కావలి పెట్టవచ్చును. వసతిగృహములోని ఫోనులు కార్యాలయములోని మార్కుల లెక్కలను ముట్టకుండ కట్టడి చేయవచ్చును. గోడ కట్టినంతమాత్రాన దొంగ ఆగడు; ద్వారము కడ కావలి నియమము కూడ నుండవలెను. గోడకు ఖర్చు గూడ కలదు. విడదీయకమునుపు 254 యంత్రములకు చోటుండగా, నాలుగు శాఖలైన పిమ్మట 248కే చోటు. పాళ్లన్నియు సమముగ నుండవలెనను నియమమును లేదు. వసతిగృహమున యంత్రము లెక్కువగా నున్నచో దానికి సగము, అనగా 128 విలాసములు, ముందుగా తీసిపెట్టి, తక్కిన సగమును చిన్న పాళ్లుగా కోయవచ్చును.

ఇంటిలోపల చెల్లిన యీ న్యాయమును లోకమంతటికిని వర్తింపజేసినది 1993 సెప్టెంబరులో వెలువడిన నిబంధనము. 'ఎ', 'బి', 'సి' తరగతులు పోయెను. అవసరమును బట్టి గీటును ఏ దీపముకడ నైనను గీయవచ్చు ననిరి. మనము ముందు చెప్పుకొన్న 300 యంత్రముల కళాశాలకు /23 ఇచ్చినచో చాలును. 512 విలాసములు వచ్చును, 510 యంత్రములకు చోటుండును. గాదె అక్కఱలేదు, కుంచము చాలును.

పొదుపు మొదలైనను కొఱత తీరలేదు. కావున 1994 మేలో నొక యుపాయమును, 1996 ఫిబ్రవరిలో నొక కట్టుబాటును వెలువడినవి. మన యిండ్లలో నేడు నడచుచున్నవి ఈ రెండే. 10తో మొదలగునవి, 172.16 మొదలు 172.31 వఱకు నున్నవి, 192.168తో మొదలగునవి యింటిలోపలి వాడుకకే యనియు, వీనిని బయటి దారులలో వాడరాదనియు కట్టుబాటు. ప్రతి యూరిలోను రామాలయము వీధి యుండవచ్చును గదా. అట్లే విజయవాడలోను, వరంగల్లులోను, తెలుగు బిడ్డలు కాపురమున్న డల్లాసులోను ఎన్నో యిండ్లలో 192.168.1.5 ఉండవచ్చును, చిక్కు లేదు. ఇక నుపాయ మేమనగా, మూలనున్న పెట్టెకు మాత్రమే బయటి విలాస మొకటి యుండును. లోపలి యంత్రము పంపు ప్రతి జాబుపైనను లోపలి విలాసమును చెఱిపి పెట్టె తన బయటి విలాసమును వ్రాయును; ఎవరి జాబో లెక్కలో గుఱుతు వేసికొనును. జవాబు వచ్చినంతనే లెక్క చూచి యెవరిది వారి కందించును. ఉమ్మడి కుటుంబములో ఉత్తరములన్నియు పెద్దల పేర వచ్చి, వారి చేతిమీదుగా కోడండ్రకు, బిడ్డలకు చేరినట్లే.

ఇంత పొదుపు చేసినను 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ భాండారములోని కడపటి అయిదు పెద్ద పాళ్లును అయిదు ఖండసంస్థలకు పంచివేయబడెను. మన దేశమునకు విలాసములు వచ్చు ఆసియా పసిఫిక్ సంస్థ, ప్రపంచ జనులలో సగమునకు మించినవారికి పంచవలసినది, అదే సంవత్సరము ఏప్రిల్ 15న తన కడపటి పాలు ముట్టుకొన్నది. అటు పిమ్మట ఆ పాలునుండి ఎంతటి సంస్థకైనను 1,024కు మించి యీయలేదు. అందుచే సేవాసంస్థలు వేలకొలది యిండ్లను ఒకే బయటి విలాసము వెనుక నుంచుట సాధారణమైనది. ఇందులకై 100.64 మొదలు 100.127 వఱకు నున్న విలాసములు 2012 ఏప్రిల్‌లో ప్రత్యేకింపబడెను. మీ పెట్టె బయటి విలాసము వీనిలోని దైనచో మీరు విలాసమును ఇరుగుపొరుగుతో పంచుకొనుచున్నారని తెలియవలెను. అట్టి పంపకమున ఒకడు చేసిన తప్పునకు ఆ విలాసము వెలివేయబడినచో నిర్దోషులును వాకిట నిలువవలసివచ్చును. నేరమును విచారించువారికిని విలాస మొక్కటే సాక్ష్యము కాజాలదు. సరియైన వేళయు, పోర్టు సంఖ్యయు గూడ కావలెను.

గాదెలు పొందినవారేమి చేసిరో వినదగినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము 2000లో తన 36వ నంబరు గాదెను భాండారమునకు తిరిగి యిచ్చివేసినది. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. విద్యాలయము తన 18వ నంబరు గాదెను చిరకాలము ఉంచుకొని, 2017లో దానిలో సుమారు సగమును, అనగా 80 లక్షల విలాసములను, విక్రయింతునని ప్రకటించినది. అప్పటికి కఱవు ముదిరి విలాసములు వెలగల సరకైనవి. రెండవది చట్టవిరుద్ధము కాదు. వచ్చిన సొమ్మును క్రొత్త పద్ధతికి మాఱుటకు వినియోగింతుమనియు వారు చెప్పిరి. అయినను మొదటి నడవడిలోని పెద్దఱికమును మేము కొనియాడకుండ నుండలేము.

ఆ క్రొత్త పద్ధతి ఆఱవ రకపు ఐ.పి. దాని నిబంధనము 1998 డిసెంబరులో వెలువడినది. ఇప్పుడు చెల్లుచున్న రూపము 2017 జూలైలోనిది. అందు విలాసమునకు 32కు బదులు 128 దీపములు. సాధారణముగా మొదటి 64 ఇంటిపేరు, తక్కిన 64 సొంతపేరు. పాత పద్ధతిలో లోకమంతటికి నున్న విలాసముల సంఖ్యను ఆ సంఖ్యతోనే హెచ్చించినచో నెంతో, అన్ని విలాసములు ఒక్క యింటి శాఖకు దక్కును. ముందు కొఱతపడిన మన దేశమే యీ పద్ధతిని ముందుగా నందుకొన్న దేశములలో నొకటి. మనవారి వాడుకలో సగమునకు మించి దీనిమీదనే నడచుచున్నది. ఇంత సమృద్ధిలోను ఇంటిపేరు, సొంతపేరు అను విభజనము మాత్రము పోలేదు. పొదుపు అక్కఱ తగ్గినను క్రమము అక్కఱ తగ్గలేదు.

ఇక గృహమున మనము చేయదగినవి కొన్ని. మొదటిది: అంతర్జాలము నిలిచిపోయినపుడు కంప్యూటరు విలాసమును చూడవలెను. అది 169.254తో మొదలైనచో పెట్టె దానికి పేరు పెట్టలేదనియు, యంత్రము తానే యొక తాత్కాలికపు పేరు పెట్టుకొన్నదనియు గ్రహించి, పెట్టెతోడి సంబంధమును చక్కజేయవలెను. 192.168 వంటి విలాసమే యున్నచో ఇంటిలోపలి పంపకము జరిగినట్లే. చిక్కును పెట్టెకు ఆవల వెదకుట మేలు. రెండవది: ఇప్పటి పెట్టెలలో పెక్కింటియందు అతిథుల కొఱకు వేఱొక వలను కల్పించు వీలు కలదు. వచ్చినవారిని వీధి యరుగుమీద కూర్చుండబెట్టి మర్యాద చేయుదుము గాని వంటయింటిలోనికి రానిత్తుమా? అతిథుల ఫోనులను, కెమెరాలను, టెలివిజనులను ఆ వలయందుంచి, బ్యాంకు వ్యవహారము చేయు ఫోనును, పిల్లల కంప్యూటరును ఇంటి వలయందుంచుట మంచిది. అతిథుల వలనుండి ఇంటి వలలోనికి దారి మూసియున్నదా యని పెట్టె అమర్చు మనిషిని అడిగి నిశ్చయము చేసికొనవలెను. మూడవది: పెట్టెతో వచ్చిన సంకేతపదమును ఆ దినముననే మార్చవలెను, తాళపుచెవి గుమ్మముననే వ్రేలాడుచుండగా గోడ లెన్ని కట్టిన నేమి లాభము?

సోదరీమణులారా! ఎంత యుండెనన్నదానికన్న గీటు ఎచ్చట గీచిరన్నదే ముఖ్యమని యీ కథ తెలుపుచున్నది. 429 కోట్లు గాదెలుగా పంచినపుడు త్వరలోనే కొఱత కానవచ్చినది. కుంచములతో కొలిచినపుడు, దానినే పంచుకొని, లోకము పెక్కేండ్లు గడపుకొన్నది. ఇంటిలో మన మింతకాలము చేయుచున్న పనియు నిదియే. కావున మూలనున్న పెట్టెను మగవారి వస్తువనియో, పిల్లల యాట యనియో విడువక, ఒకనాటి మధ్యాహ్నపు తీరికలో దాని యమరికల పుటను తెఱచి మీ యింటి యంత్రముల పేర్ల పట్టికను చదువుడు. అందు మీ రెఱుగని పేరొకటి కనబడినచో, ఆ యంత్ర మెవరిదని యడుగు నధికారము ఆ యింటి యిల్లాలుగా మీకు కలదు.